పోరగాండ్లను పెద్దోళ్ల మీదికి తోలుట ఎట్లా?

ఊళ్లో పిల్లల ఫుట్‌బాల్ జట్టు పెట్టిన ప్రతి కోచ్‌కూ మూడు నాలుగు నెలలు తిరిగేసరికి ఒకటే చిక్కు వచ్చిపడుతుంది. నేర్పడానికి ఏమీ మిగలదు. పిల్లలు అన్నీ నేర్చేసుకున్నారని కాదు, మనకు వచ్చినవి అయిపోయాయని. అట్లాంటప్పుడు ఆదుకునే దేవుడి పేరు ఫ్రెండ్లీ మ్యాచ్. పట్నంలో సీనియర్ జట్టుకు ఒక ఫోన్ కొడితే ఆదివారం పొద్దున బండ్లేసుకొని దిగుతారు. మనం చెట్టు కింద కుర్చీ వేసుకొని కూర్చోవచ్చు. పిల్లలు చిత్తుగా ఓడుతుంటే ఎవరైనా అడిగితే, "అనుభవం వస్తది" అంటే సరి. ఆ మాటకు ఎదురు చెప్పిన తండ్రిని నేనింతవరకు చూడలేదు.

మాది పానగల్లు. నల్లగొండను ఆనుకొని, ఉదయ సముద్రం చెరువు పక్కన ఉంటుంది. కందూరు చోడుల కాలపు గుళ్లు మా ఊరి సొత్తు. అందులో ఛాయా సోమేశ్వరాలయం సంగతి మీరు వినే ఉంటారు. బయట పొద్దు ఎటు తిరిగినా గర్భగుడిలో నీడ మాత్రం పొద్దంతా నిలిచే ఉంటుంది. అది చూసే నేను నా శిక్షణకు మూలసూత్రం కట్టుకున్నాను: చిన్నోళ్లు పెద్దోళ్ల నీడలో పొద్దంతా నిలబడాలి, జరగొద్దు. చెరువు కట్ట కింది బీడులో ఇరవై ఇద్దరు పిల్లలతో మొదలుపెట్టి నేను సాధించినదంతా ఈ సూత్రం చలవే. మీరూ బాగుపడాలని ఆ చిట్కాలు కింద ఇస్తున్నాను.

1. మ్యాచ్ ముందు, పాఠం తర్వాత

హైదరాబాద్‌లో సయ్యద్ అబ్దుల్ రహీం అని ఒక కోచ్ ఉండేవారు. రహీం సాబ్ అంటేనే తెలుస్తుంది. ఆయన చేతి కింద హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్ కొట్టింది. 1951లో, 1962లో ఆసియా క్రీడల బంగారు పతకాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, అన్నీ ఆయన తయారుచేసిన భారత జట్లవే. ఇంత చేసిన మనిషి కుర్రాళ్లకు ఎట్లాంటి పోటీలు పెట్టేవారో చూడండి. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చేయొద్దు, బంతి వచ్చీ రాగానే పాస్ ఇచ్చేయాలి. ఇంకోదాంట్లో వాటం లేని కాలితోనే ఆడాలి. కుడికాలి వాడు ఎడమకాలితో, ఎడమకాలి వాడు కుడికాలితో.

ఇదంతా తీరికున్న వాళ్ల పని. ఎడమకాలు తిరగాలంటే నెలలు పడుతుంది. మ్యాచ్ అయితే గంటన్నరలో తేలిపోతుంది. పైగా రహీం సాబ్ శిష్యుడు, సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఇరవై ఏండ్లకే ఒలింపిక్స్‌లో పెద్దోళ్లతో ఆడలేదా? ఇరవై ఏండ్లోడు ఆడినప్పుడు పన్నెండేండ్లోడు ఎందుకు ఆడకూడదు? తేడా ఎనిమిదేండ్లే. మధ్యలో ఆ ఎనిమిదేండ్లు ఏం చేశారని మాత్రం అడక్కండి.

2. ఫ్లెక్సీకి తగ్గ ప్రత్యర్థిని ఎంచుకోండి

పక్క ఊరి బడి జట్టు మీ పిల్లలకు సరిజోడు అనుకుందాం. ఆ మ్యాచ్ 2-2తో ముగియవచ్చు, ఇంకో రోజు 3-2తో మీరే గెలవవచ్చు. కానీ దానికి ఫ్లెక్సీ ఎవరు వేస్తారు? "సీనియర్లతో తలపడుతున్న పానగల్లు చిన్నారులు" అని రాస్తే దాని కళే వేరు. నా ఫొటో నడుమ నిలువెత్తున వేయిస్తాను. ముఖ్య అతిథి కుడిపక్క, శాలువాల దాత ఎడమపక్క. పిల్లలవి అడుగున పోస్టల్ స్టాంపుల్లా పేర్చమంటాను. ఇరవై ఇద్దరినీ పట్టిస్తాడు మా ఫ్లెక్సీ అబ్బాయి, పనోడు.

మ్యాచ్ తొమ్మిదింటికి అయితే ముఖ్య అతిథి పదకొండున్నరకు వస్తారు. అప్పటిదాకా పిల్లలను వరుసలో నిలబెట్టండి. ఎండ తగలాలి, ఒళ్లు వేడెక్కుతుంది. వార్మప్ అని వేరే చేయించే పని తప్పుతుంది.

3. ఒడ్డూ పొడుగూ చూడకండి, కాగితం చూడండి

పదమూడేండ్ల వాళ్లు ఇద్దరిని పక్కపక్కన నిలబెట్టండి. ఒకడికి నూనూగు మీసం వచ్చి ఉంటుంది, గొంతు బొంగురుపోయి ఉంటుంది. ఇంకొకడు ఇంకా అమ్మ కొంగు చాటు పిల్లాడిలాగే ఉంటాడు. కాగితం మీద ఇద్దరూ ఒకటే, ఒళ్లు మాత్రం ఒకటి కాదు. ఇంగ్లండ్ అకాడమీల్లో ఈ తేడా కోసమే అప్పుడప్పుడు పుట్టినతేదీని పక్కనబెట్టి, ఎవరి శరీరం ఎంతదాకా ఎదిగిందో చూసి జట్లు కట్టి ఆడిస్తారట. ఫిఫా వాళ్లయితే 2009 నుంచి అండర్-17 ప్రపంచకప్‌లో మణికట్టుకు ఎమ్మారై తీసి ఎముక ముదిరిందా లేదా చూస్తున్నారు.

మనకంత యాతన దేనికి? బడి సర్టిఫికెట్ ఉంది కదా. మా ఊళ్లో సగం మంది జూన్‌లోనే పుట్టారు. ఎట్లాగంటే, బడిలో చేర్పించేనాడు సారు అదే రాసుకున్నారు గనుక. ఆ కాగితం పట్టుకొని అందరినీ ఒక్క గాటన కట్టి, ఇరవై ఐదేండ్ల అన్నల మీదికి తోలండి. ఒకరిద్దరు తట్టుకుంటారు. వాళ్లను చూపించి మిగతా ఇరవైమందిని "వాణ్ని చూసి నేర్చుకోండ్రా" అని తిట్టవచ్చు. తట్టుకున్నవాడు ఒళ్లు ముందు ఎదిగినందుకే తట్టుకున్నాడని, రెండేండ్లకు మిగతావాళ్లు ఎదిగినప్పుడు వాడి చేతిలో ఆట ఏమీ ఉండదని గుట్టు విప్పకండి.

4. బంతి, గోల్, టైమ్ అన్నీ పెద్దోళ్లవే

పెద్దల బంతి అయిదో నంబరు, బరువు 410 నుంచి 450 గ్రాములు. ఎనిమిది నుంచి పన్నెండేండ్ల వాళ్లకు నాలుగో నంబరు బంతి ఉంటుంది, 350 నుంచి 390 గ్రాములు. చిన్న గ్రౌండు, చిన్న గోల్, అటు ఏడుగురు ఇటు ఏడుగురు ఆడే పద్ధతి కూడా ఉంది. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య 2018లో తెచ్చిన బేబీ లీగ్‌లు ఆ వరసవే. మనిషికి జాగా తక్కువ, బంతి దగ్గర, అందరి కాలికీ తగులుతుంది.

అక్కడే వచ్చింది చిక్కు. అందరి కాలికీ తగిలితే ఎవడికి వచ్చు, ఎవడికి రాదు బయటపడుతుంది. వెంటనే నేర్పాల్సి వస్తుంది. పూర్తి గ్రౌండులో, పూర్తి తొంభై నిమిషాలు, అయిదో నంబరు బంతితో ఆడిస్తే ఆ భయం లేదు. రెండో హాఫ్‌కు అందరూ ఒకే తీరు కనబడతారు: నడుం మీద చేతులు పెట్టుకొని, నోరు తెరుచుకొని.

5. బంతి దొరికితే అవతలికి తన్నేయమనండి

కాలి దగ్గర బంతి పెట్టుకొని తలెత్తి చూడటం, మనవాడు ఎటున్నాడో వెతకడం, వీటికి పెద్దోళ్లు టైమ్ ఇవ్వరు. అందుకే నేను గీత అవతల నిలబడి గంటన్నర సేపు ఒకటే మాట అరుస్తాను: "కొట్టు! కొట్టురా!" ఎటు కొట్టాలో వాడి ఇష్టం.

ఈ విషయంలో ఒక ముసలాయనతో నాకు పేచీ వచ్చింది. మా మిడ్‌ఫీల్డర్ పిల్లాడి తాత. ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయిన తరం మనిషి. కట్ట మీద తువ్వాల పరచుకొని కూర్చుంటాడు. మొన్నటి మ్యాచ్‌లో ఆయన ముందు గులకరాళ్లు పేర్చి ఉన్నాయి. ఏమిటని అడిగాను.

"మా వాని కాలుకు బంతి తల్గినప్పుడల్లా ఒక రాయి పెడ్తున్న సారూ."

చూశాను. మ్యాచ్ అయిపోయింది. తువ్వాల మీద ఏడు రాళ్లున్నాయి.

"గిండ్ల రెండు చేతితోని ఇసిరినయి గూడ ఉన్నయి," అన్నాడు ముసలాయన. త్రోలు అన్నమాట. అంటే కాలికి తగిలింది ఐదుసార్లు. "గంటన్నరల అయిదుమాట్ల తల్గితె ఏం నేరుస్తడు సారూ? నాగలి పట్టుకోనోడు అచ్చు గట్లనే గట్టు మీద నిలవడి చూసి వ్యవసాయం నేర్చిండంట."

స్కోరు అడక్కుండా రాళ్లు లెక్కబెట్టే మనిషితో వాదించి లాభం లేదు. మీ గ్రౌండు దగ్గర గులకరాళ్లు ఉంటే ముందే ఏరించేయండి.

6. గోల్‌లో అందరికంటే చిన్నోన్ని నిలబెట్టండి

పెద్దల గోల్ ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు. మా కీపర్ నాలుగున్నర అడుగులు. వాడెంత ఎగిరినా బారు కింద మూరెడు జాగా మిగులుతుంది. ఆ మ్యాచ్‌లో సీనియర్లకు ఆ జాగా మొదటి ఐదు నిమిషాల్లోనే తెలిసిపోయింది. ఇక నలభై గజాల నుంచి కూడా బంతిని పైకి లేపి అందులో వేయడమే. పదకొండు గోల్స్ పడ్డాయి, తొమ్మిది అట్లా పడ్డవే.

ఆ పిల్లాడు ప్రతిసారీ వెనక్కి నడిచి, ముళ్లకంపలో పడిన బంతి తీసి, ముళ్లు చూసుకొని, మధ్యగీతకు విసిరేవాడు. ఆ రోజు వాడు పట్టిన బంతుల కంటే ఏరుకొచ్చినవే ఎక్కువ. ఎనిమిదో గోల్ తర్వాత వచ్చి అడిగాడు, "సార్, నేను ముందుకొచ్చి నిలవడనా?" అని. తెలివైన ప్రశ్నే. ముందుకొస్తే ఎదుటివాడికి గోల్ చిన్నగా కనిపిస్తుంది, కానీ తల మీదుగా లేపి వేయడం తేలికవుతుంది, ఎప్పుడు రావాలో ఎప్పుడు ఆగాలో ఒక పూటంతా నేర్పాల్సిన పాఠం అది. నేను "పో, పోయి నీ జాగల నిలవడు" అన్నాను. మ్యాచ్ నడుస్తుండగా పాఠం ఏమిటి?

7. నొప్పి అన్నవాణ్ని నమ్మకండి

ఎదిగే వయసులో కొందరికి మోకాలి చిప్ప కింద ఎముక మీద బొడిపెలా లేచి నొప్పి పుడుతుంది. డాక్టర్లు దాన్ని ఆస్‌గుడ్-ష్లాటర్ అంటారు. తొడ కండరం గట్టి తాడులా వచ్చి మోకాలి కింది ముందు ఎముక పైకొసకు అతుక్కునే చోటు ఆ వయసులో ఇంకా లేతగా ఉంటుంది. ఊరికే ఎగరడం, పరుగెత్తడం, బలంకొద్దీ తన్నడం ఎక్కువైతే ఆ చోటు గుంజుకుపోతుంది. కొన్నాళ్లు ఆట తగ్గిస్తే చాలామందికి సర్దుకుంటుంది. తగ్గిస్తే మ్యాచ్‌కు మనిషి తగ్గుతాడు. కాబట్టి జండూబామ్ రాసి దింపండి.

తలతో కొట్టే బంతి సంగతీ అంతే. ఇంగ్లండ్‌లో 2020 నుంచి ప్రైమరీ బడి వయసు పిల్లలకు ట్రైనింగులో హెడర్లు వద్దన్నారు. అమెరికాలో పదేండ్ల లోపు వాళ్లకు అసలే కూడదు. అవి చల్లటి దేశాలు, తలకాయలు సుకుమారం. మన దగ్గర సీనియర్ గోల్‌కీపర్ గాల్లోకి లేపి కొట్టిన బంతి దిగుతుంటే, దాని కిందికి మన పిల్లాణ్ని "తల పెట్టు" అని తరమాలి.

ఇక్కడా ఆ ముసలాయనే అడ్డం వచ్చాడు. తన మోకాళ్లు రెండూ చేత్తో పట్టి చూపించి అన్నాడు: "లేత బొక్కల ఏది ఎక్కిస్తే గది సచ్చెదాక దిగది సారూ. మాకు నీళ్లల్ల ఎక్కింది. మీరు ఆటల ఎక్కిస్తున్నరు." ఫ్లోరైడ్‌కూ ఫుట్‌బాల్‌కూ సంబంధం ఏమిటో నాకైతే అర్థం కాలేదు.

8. ఆడపిల్లలకు సున్నం డబ్బా ఇవ్వండి

నలుగురు ఆడపిల్లలు మేమూ ఆడతామని వచ్చారు. గీతలకు సున్నం పోయమన్నాను, హాఫ్‌టైమ్‌లో నిమ్మకాయ నీళ్లు కలపమన్నాను. నిజామాబాద్ జిల్లా తండా పిల్ల గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఫార్వర్డ్‌గా ఆడుతోందని వాళ్లలో ఒకతె నాకే చెప్పబోయింది. గీత వంకరపోయిందని మళ్లీ పోయించాను.

9. అన్నలతో ముందుగా ఏ ఒప్పందమూ చేసుకోకండి

ఇది అన్నిటికంటే ముఖ్యం. కొందరు తెలివిమీరిన కోచ్‌లు సీనియర్లతో ముందే మాట్లాడుకుంటారు. మీరు రెండు టచ్‌లకు మించి తీసుకోవద్దు, తోసుకోవద్దు, మా వాళ్లు మీ వాళ్లు కలిసి జట్లు కట్టుకుందాం, ఇరవై నిమిషాల ఆటలు మూడు ఆడదాం అని. ఇట్లా చేస్తే ఎట్లా పాడవుతుందో నా అనుభవమే చెబుతాను.

ఒక ఆదివారం పెళ్లిళ్ల ముహూర్తాలు పడి సీనియర్లు ఆరుగురే వచ్చారు. మ్యాచ్ కుదరదు. వాళ్ల కెప్టెన్, "గిప్పుడు వాపస్ ఏం పోతం అన్నా, పోరగాండ్లతోని కల్సి ఆడ్తం" అన్నాడు. అటు ముగ్గురు అన్నలు, ఇటు ముగ్గురు అన్నలు, మిగతా అంతా పిల్లలు. ఇక చూడండి గందరగోళం. మా మిడ్‌ఫీల్డర్ పక్కన ఆడిన అన్న ఊరికే మాట్లాడుతూనే ఉన్నాడు: "ఎనకకు చూసినవా? బంతి రాకముందే చూడాలె. ఎవడొస్తుండు? గట్ల. ఇగ ఇయ్యి." ఆ పిల్లాడు అరగంట తర్వాత బంతి రాకముందే భుజం మీదుగా వెనక్కి చూడటం మొదలుపెట్టాడు. నేను నాలుగు నెలల్లో ఒక్కసారి కూడా చెప్పని మాట అది. కీపర్‌కు ఇంకో అన్న చేయిపట్టి చూపించాడు, ఎప్పుడు ముందుకు రావాలో. మూడుసార్లు వచ్చాడు, రెండుసార్లు పట్టాడు.

స్కోరు ఎవరికీ గుర్తులేదు. జట్లే రెండుసార్లు మార్చుకున్నారు. ముఖ్య అతిథి వచ్చి "ఎవలు గెలిచిన్రు?" అని అడిగితే చెప్పడానికి నా దగ్గర జవాబు లేదు. ఫ్లెక్సీ డబ్బులు బూడిదలో పోసిన పన్నీరు. మళ్లీ అట్లాంటి ఆదివారం రాకుండా నేనిప్పుడు ముహూర్తాలు చూసుకొని మ్యాచ్ పెడుతున్నాను.

10. ఓడాక యారోస్ కథ చెప్పండి

పదకొండు గోల్స్ తిన్న పిల్లలు చెట్టు కింద తలలు వంచుకొని కూర్చుంటారు. ఆ సమయానికి ఒక కథ సిద్ధంగా ఉంచుకోండి. నేను చెప్పేది ఇండియన్ యారోస్ కథ. 2017 అక్టోబర్‌లో అండర్-17 ప్రపంచకప్ మన దేశంలోనే జరిగింది. మన పిల్లలు అమెరికా చేతిలో 0-3, కొలంబియా చేతిలో 1-2, ఘనా చేతిలో 0-4 తేడాతో ఓడారు. ఆ వెంటనే వాళ్లనూ, మరికొందరు కుర్రాళ్లనూ కలిపి జట్టు కట్టి ఐ-లీగ్‌లో సీనియర్ క్లబ్బుల మీదికే దింపారు. మొదటి మ్యాచ్‌లోనే చెన్నై సిటీని 3-0తో కొట్టారు. సీజన్ ముగిసేసరికి పట్టికలో అట్టడుగున ఉన్నారు.

కథ అక్కడ ఆపేయాలి. ముందుకు పోతే పిల్లలు ప్రశ్నలు వేస్తారు. వాళ్లు మనలాగా నాలుగు నెలల వాళ్లు కాదని, ఏండ్ల తరబడి క్యాంపుల్లో రోజూ సాధన చేసినవాళ్లని చెప్పాల్సి వస్తుంది. పదహారేండ్లు, ఆపై వయసు వాళ్లని, దేశం మొత్తం జల్లెడపట్టి ఏరినవాళ్లని చెప్పాల్సి వస్తుంది. ఎంత ఓడినా కింది లీగుకు దిగకుండా ముందే మినహాయింపు ఇచ్చారని, అంటే ఓటమి భయం లేకుండా నేర్చుకొమ్మన్నారని చెప్పాల్సి వస్తుంది. వారం వారం మ్యాచ్, మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య తప్పులు దిద్దే సాధన. మన పద్ధతిలో మ్యాచ్‌కూ మ్యాచ్‌కూ మధ్య ఉండేది ఫ్లెక్సీ దించి మడతపెట్టడమే.

ఫలితాలు

చివరిగా నా పద్ధతి ఫలితాలు చెప్పి ముగిస్తాను. ఇరవై ఇద్దరిలో ఇప్పుడు తొమ్మిదిమంది మిగిలారు. ఎనిమిదిమంది క్రికెట్‌కు పోయారు, ఇద్దరికి మోకాళ్లు, ముగ్గురు ఎందుకు మానేశారో వాళ్ల ఇండ్లల్లో కూడా తెలియదు. గట్టి గింజలే మిగిలాయని అనుకొని సంతోషించాను. అయితే తొమ్మిదిమందితో పదకొండు మంది జట్టు కాదు గనుక రెండు వారాలుగా సీనియర్ మ్యాచ్ పెట్టలేకపోయాను.

నిన్న సాయంత్రం పనిమీద కట్ట మీదుగా పోతూ కిందికి చూశాను. నేను పిలవకుండానే పిల్లలు వచ్చి ఉన్నారు. సున్నం పోసే నలుగురు ఆడపిల్లలు కూడా వాళ్లలో కలిశారు. రెండేసి ఇటుకలు పెట్టి గోల్స్ చేసుకున్నారు, గ్రౌండును నా గీతలకు సంబంధం లేకుండా మూడోవంతుకు కుదించుకున్నారు. బంతి కూడా చిన్నది, ఎవరి ఇంట్లోదో. ఒకడు గోల్ వేస్తే మిగతావాళ్లు ఒప్పుకోలేదు. "కుడికాలుతోని ఏసినవ్, చెల్లది!" అని పెద్ద లొల్లి. ఎడమకాలితోనే ఆడాలని వాళ్లలో వాళ్లే పెట్టుకున్న నియమమట. ఎవరు నేర్పారో తెలియదు. నేనైతే కాదు.

ముసలాయన తన చోటులోనే ఉన్నాడు. తువ్వాల మీద రాళ్లు కుప్పగా ఉన్నాయి. దగ్గరికి పోతే నావైపు చూడకుండానే చేయి చాపాడు.

"రాళ్లు ఒడిసినయి సారూ. జర గా పక్కకెల్లి నాలుగు ఏరియ్యరాదు."

ఇది క్రమశిక్షణ తప్పడం. స్కోరు లేదు, విజిల్ లేదు, ముఖ్య అతిథి లేడు, చెప్పే సారు లేడు. మీ ఊళ్లో కూడా పిల్లలు ఇట్లా తమంతట తాము ఆడుకుంటూ కనిపిస్తే ఆలస్యం చేయకండి. వెంటనే ఎవరికైనా ఫోన్ చేసి ఒక ఫ్రెండ్లీ మ్యాచ్ పెట్టించండి.